కోర్టు లేదు, క్లయింట్ లేడు: ఐరాస మానవ హక్కుల ఆఫీసులో సీనియర్ లీగల్ అడ్వైజర్ చేసే పని

టీవీలో స్క్రోలింగ్ వస్తుంటుంది, ఫలానా దేశంలో జరిగినదాన్ని ఐక్యరాజ్యసమితి తప్పుబట్టింది అని. తప్పుబట్టింది సమితిలో ఎవరు, ఏ హోదాలో, ఎంత సాక్ష్యం చూసి అన్నది మాత్రం ఆ ఒక్క లైన్లో ఉండదు, మనమూ అడగం. ఆ లైన్ వెనక జెనీవాలో ఒక సీనియర్ లీగల్ అడ్వైజర్ కూర్చుని నెలల తరబడి కుస్తీ పట్టి ఉంటారు, ఈ వాక్యం ఇంతవరకు వెళ్లొచ్చు, ఇంకొక్క అడుగు ముందుకేస్తే మన దగ్గరున్న సాక్ష్యం సరిపోదు అని తేల్చి ఉంటారు. లా చదివే పిల్లలు చాలామంది ఇది పెద్ద కోర్టుల్లో నిలబడి వాదించే ఉద్యోగం అనుకుంటారు. నా దృష్టిలో ఇది ఒక మాట ఎంత దూరం వెళ్లొచ్చో తూచే ఉద్యోగం, దాని బరువు ఎక్కడుందో కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఎవరు ఎవరో తెలియాలి. "ఐరాస మానవ హక్కులు" అని మనం ఒకే ముద్దగా అనేదాంట్లో కనీసం నాలుగు వేర్వేరు వ్యవస్థలున్నాయి. ఒకటి మానవ హక్కుల మండలి, 2006లో పెట్టారు, 47 దేశాలు సభ్యులు, అక్కడ ఓటేసేది రాయబారులు, వాళ్ల ప్రభుత్వం ఎటు చెయ్యెత్తమంటే అటు ఎత్తుతారు. రెండోది ఒప్పందాల కమిటీలు, ఒక్కో ఒడంబడికకి ఒక్కో కమిటీ, పౌర రాజకీయ హక్కుల ఒడంబడిక చూసే కమిటీలో 18 మంది నిపుణులుంటారు, మన జస్టిస్ పి.ఎన్. భగవతి కూడా అందులో పనిచేశారు. మూడోది స్పెషల్ రాపోర్టర్లు, వీళ్లు ఒక్కో అంశం మీదో ఒక్కో దేశం మీదో రిపోర్టులిచ్చే స్వతంత్ర నిపుణులు, ఐరాస నుంచి జీతం తీసుకోరు. నాలుగోది హైకమిషనర్ ఆఫీసు, 1993 జూన్‌లో వియన్నాలో జరిగిన ప్రపంచ సదస్సు అడిగితే అదే ఏడాది డిసెంబర్ 20న జనరల్ అసెంబ్లీ 48/141 తీర్మానంతో పుట్టించింది. జీతం తీసుకునే ఉద్యోగులుండేది ఈ నాలుగోదాంట్లోనే, మిగతా మూడింటికీ ఫైళ్లు చూసి, డ్రాఫ్టులు రాసి, వెనక నడిపించేది కూడా వీళ్లే.

అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఆఫీసులో ఒకే కారిడార్‌లో ఒకాయన రాపోర్టర్ కోసం ఒక ప్రభుత్వానికి ఉత్తరం డ్రాఫ్ట్ చేస్తుంటాడు, పక్క గదిలో ఇంకొకావిడ కమిటీ కోసం ఒక ఖైదీ ఫిర్యాదు మీద నోట్ రాస్తుంటుంది, పై అంతస్తులో హైకమిషనర్ స్టేట్‌మెంట్ తయారవుతుంటుంది. ఈ మూడూ ఒకటి కాదు. రాపోర్టర్ తన సొంత హోదాలో మాట్లాడొచ్చు, కమిటీ తన ఒడంబడికలో చేరిన దేశాల గురించి మాత్రమే మాట్లాడగలదు, హైకమిషనర్ మాట అంటే ఆఫీసు మాట. సీనియర్ అడ్వైజర్ దగ్గరికి ఏ కాగితం వచ్చినా ముందు అడిగేది ఇదే, ఈ మాట ఎవరి పేరు మీద వెళ్తోంది, వాళ్లకి ఈ మాట అనే అధికారం ఏ తీర్మానంలో, ఏ ఆర్టికల్‌లో ఉంది. దీన్నే అక్కడ మ్యాండేట్ అంటారు, రోజుకి వంద సార్లు వినపడే మాట అది. మ్యాండేట్ దాటిన వాక్యం ఎంత నిజమైనా కొట్టేయాల్సిందే, లేకపోతే ఆ ప్రభుత్వం అసలు విషయం వదిలేసి నీకేం హక్కుంది అడగడానికి అనే దగ్గరే చర్చ తెగ్గొడుతుంది.

ఇంకో సంగతి, ఈ అడ్వైజర్‌కి కోర్టు ఉండదు, క్లయింట్ ఉండడు. ఎవర్నీ అరెస్టు చేయించలేరు, ఎవరికీ సమన్లు పంపలేరు, ఒక దేశం రావద్దంటే ఆ దేశంలో అడుగు కూడా పెట్టలేరు. ఆఫీసు పేరు మీద వెళ్లే మాటకి ఉన్న నమ్మకమే వాళ్ల చేతిలో ఉన్న ఆస్తి. 200 పేజీల రిపోర్టులో ఒక ఊరి పేరు తప్పు పడినా, ఒక తేదీ అటూఇటూ అయినా సదరు ప్రభుత్వం మిగతా 199 పేజీల గురించి మాట్లాడదు, ఆ ఒక్కటీ పట్టుకుని ప్రెస్ మీట్ పెడుతుంది.

అందుకే ఎంత సాక్ష్యం ఉంటే ఎంత మాట అనొచ్చు అన్నదానికి లెక్క ఉంది. మనకి అలవాటైన పద్ధతిలో చెప్పాలంటే ఎఫ్ఐఆర్ వేయడానికి ఒక స్థాయి చాలు, చార్జిషీట్‌కి ఇంకాస్త కావాలి, శిక్ష వేయాలంటే సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. ఐరాస దర్యాప్తుల్లో కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి. అన్నిటికన్నా కింద సహేతుకమైన అనుమానం, అంటే ఇది జరిగి ఉండొచ్చని చెప్పే నమ్మదగ్గ సమాచారం ఉంది, ఇంకా లోతుగా దర్యాప్తు చేయాలి అని. దాని పైన నమ్మడానికి సహేతుకమైన కారణాలు, ఎక్కువ దర్యాప్తు కమిషన్లు వాడేది ఈ మెట్టే. క్రిమినల్ కోర్టుకి కావాల్సిన రుజువు ఇంకా పైనుంటుంది, అది ఈ ఆఫీసు పని కాదు, అక్కడిదాకా వెళ్లినట్టు రాయకూడదు కూడా. ఏ రిపోర్ట్ ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతోందో మొదటి పేజీల్లోనే చెప్తారు, చదివేవాళ్లు చాలామంది ఆ పేజీలు దాటేసి వెళ్తారు, నా ఉద్దేశంలో అసలు చదవాల్సినవే అవి.

ఇదంతా గాల్లో మాటలు అనిపించకుండా ఒక్క కేసు దగ్గరగా చూద్దాం, కాంగో మ్యాపింగ్ రిపోర్ట్. 2005 చివర్లో తూర్పు కాంగోలోని ఉత్తర కివులో ఐరాస శాంతి దళాలకి మూడు సామూహిక సమాధులు కనిపించాయి. పదేళ్ల పాటు ఆ దేశంలో ఏం జరిగిందో ఎవరూ ఒక్క చోట రాసిపెట్టలేదన్న సంగతి అప్పుడు అందరికీ కళ్లకి కట్టింది. 2008-09లో హైకమిషనర్ ఆఫీసు టీం ఒకటి దేశమంతా తిరిగి 1993 మార్చి నుంచి 2003 జూన్ వరకు జరిగిన ఘోరాలని ప్రాంతాలవారీగా, తేదీలవారీగా నమోదు చేసింది. 1,500కి పైగా డాక్యుమెంట్లు, 1,280 మందికి పైగా సాక్షులు, చివరికి 617 సంఘటనలు. ప్రతి సంఘటనకి కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు ఉండాలన్నది వాళ్లు పెట్టుకున్న రూలు. స్వతంత్రం అంటే ఒకరి దగ్గర విని ఇంకొకరు చెప్పినది పనికిరాదు, ఒకే ఎన్జీఓ రిపోర్టుని చూసి నాలుగు పేపర్లు రాస్తే అవి నాలుగు ఆధారాలు కావు, ఒక్కటే. రెండో ఆధారం దొరకని సంఘటన నిజంగానే జరిగి ఉండొచ్చు, ఆ ఊరివాళ్లు ఏడుస్తూ చెప్పి ఉండొచ్చు, అయినా లిస్టులోకి రాదు. ఈ పనిలో గుండె కోతంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఆ 617లో ఎక్కువ వేడి పుట్టించినవి 1996-97 నాటివి. రువాండాలో 1994లో జరిగిన జెనోసైడ్, అంటే జాతిని తుడిచిపెట్టే హత్యాకాండ, తర్వాత లక్షల మంది హుటూ జాతివాళ్లు సరిహద్దు దాటి అప్పటి జైరేలోకి, అంటే ఇప్పటి కాంగోలోకి వచ్చి క్యాంపుల్లో ఉన్నారు, వాళ్లలో ఆ హత్యాకాండ చేసినవాళ్లూ ఉన్నారు, ఏ పాపం తెలియని ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లూ ఉన్నారు. రువాండా సైన్యం, దానితో కలిసిన తిరుగుబాటుదళం ఆ క్యాంపుల మీద పడి, పారిపోయినవాళ్లని అడవుల్లో వందల కిలోమీటర్లు వెంటాడి చంపాయి. ఇది యుద్ధ నేరం అనడానికి పెద్ద ఇబ్బంది లేదు. మానవాళిపై నేరం అనడానికీ సాక్ష్యం ఉంది. కానీ జెనోసైడ్ అనాలంటే 1948 ఒప్పందం ప్రకారం ఆ గుంపుని పూర్తిగానో కొంతగానో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం కనపడాలి, ఎంతమంది చనిపోయారన్నది దాని తర్వాతి మాట. ఉద్దేశం అనేది ఎవరూ కాగితం మీద రాసివ్వరు, జరిగిన తీరు నుంచి లాగాలి.

ఆ రిపోర్ట్ రాసినవాళ్లు రెండు వైపులా పేర్చారు. ఒకవైపు, చంపిన పద్ధతి పదే పదే ఒకేలా ఉంది, పిల్లల్ని, రోగుల్ని, నడవలేనివాళ్లని కూడా వదల్లేదు, ఇది తిరుగుబాటుదారుల మీద యుద్ధం అనడానికి వీల్లేదు. ఇంకోవైపు, అదే సైన్యం 1996 నవంబర్‌లో లక్షల మంది హుటూలని రువాండాకి తిరిగి వెళ్లనిచ్చింది, మొత్తం జాతిని తుడిచేయాలన్న ఉద్దేశమే ఉంటే ఇది ఎలా సాధ్యం అని ఎవరైనా అడగొచ్చు. రెండూ ఒకే రిపోర్టులో పక్కపక్కన ఉన్నాయి. చివరికి తేల్చిన మాట ఏంటంటే, ఈ సంఘటనల్లో నేరాన్ని సూచించే అంశాలు చాలా ఉన్నాయి, వాటిని అర్హత ఉన్న కోర్టు ముందు రుజువు చేస్తే జెనోసైడ్‌గా పరిగణించే వీలుంది అని. ఆ "కోర్టు ముందు రుజువు చేస్తే" అన్న షరతు పిరికితనంతో పెట్టింది కాదు. సహేతుకమైన అనుమానం అనే మెట్టు మీద నిలబడి చేసిన పనికి అంతకన్నా పెద్ద మాట అనే అర్హత లేదు, అంతకన్నా చిన్న మాట అంటే సాక్ష్యానికి అన్యాయం.

2010 ఆగస్టులో డ్రాఫ్ట్ లీకై ఫ్రెంచ్ పత్రిక ల మాండ్‌లో వచ్చింది. రువాండా మండిపడింది, ఇది అచ్చయితే సుడాన్‌లోని డార్ఫుర్‌లో ఉన్న మా శాంతి సైనికులని వెనక్కి తీసుకుంటాం అంది. సెక్రటరీ జనరల్ బాన్ కీ మూన్ స్వయంగా రువాండా రాజధాని కిగాలీ వెళ్లొచ్చారు. అప్పటి హైకమిషనర్ నవీ పిళ్లై, డర్బన్‌లో తమిళ కుటుంబంలో పుట్టి రువాండా హత్యాకాండ కోసం ఐరాస పెట్టిన ట్రిబ్యునల్‌లో జడ్జిగా చేసినావిడ, 1998లో ప్రపంచంలో మొదటిసారి ఒక అంతర్జాతీయ కోర్టు జెనోసైడ్ నేరానికి శిక్ష వేసిన అకయేసు కేసు బెంచ్‌లో ఉన్నావిడ, ఈ పదం బరువు ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది. ఒక నెల వాయిదా వేసి సంబంధిత దేశాల అభ్యంతరాలు తీసుకున్నారు, అక్టోబర్ 1న రిపోర్ట్ బయటపెట్టారు, ఆ అభ్యంతరాలనీ దాంతోపాటు బయటపెట్టారు. భాషలో జాగ్రత్తలు పెరిగాయి, జెనోసైడ్ అన్న మాట మాత్రం పోలేదు. ఆ నెల రోజులూ ఆ డ్రాఫ్ట్ చూసిన లీగల్ టీం మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు, ఒకవైపు డార్ఫుర్‌లో నిజంగానే సైనికులు వెళ్లిపోతే అక్కడి జనం ప్రాణాలు, ఇంకోవైపు పదమూడేళ్లుగా ఎవరూ పట్టించుకోని చావులు. ఈ నేరాలని విచారించే ప్రత్యేక కోర్టు ఇప్పటికీ రాలేదు. 2018లో కాంగోకి చెందిన డాక్టర్ డెనిస్ ముక్వెగె నోబెల్ శాంతి బహుమతి తీసుకుంటూ ఇచ్చిన ఉపన్యాసంలో ఈ రిపోర్ట్ న్యూయార్క్‌లో ఒక సొరుగులో బూజు పడుతోందని వాపోయారు. అయినా కాంగోలో ఈ రోజుకీ బాధితులు న్యాయం అడిగేటప్పుడు చేతిలో పట్టుకునే కాగితం అదే.

చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతం మీద వచ్చిన రిపోర్ట్ గురించి రెండు మాటలు. 2022 ఆగస్టు 31న, హైకమిషనర్ మిషెల్ బాచెలే పదవీకాలం ముగియడానికి కొన్ని నిమిషాల ముందు అది వచ్చింది. వీగర్ల మీద, ఇతర ముస్లిం వర్గాల మీద సాగిన ఏకపక్ష నిర్బంధాలు మానవాళిపై నేరాలు అయ్యే అవకాశం ఉందని అందులో రాశారు. చైనా రిపోర్ట్ కన్నా రెండు రెట్లకి పైగా పొడవున్న జవాబిచ్చింది, దాన్నీ పక్కనే పెట్టారు. చాలామంది ఇంత మెత్తగానా అన్నారు, కానీ ఆ రిపోర్టులో ఎక్కువ భాగం చైనా సొంత చట్టాలు, ప్రభుత్వ పత్రాలు, అధికారిక గణాంకాల మీదే నిలబడింది, అంటే అబద్ధం అని కొట్టిపారేయడానికి వీల్లేని చోట్ల కాలు పెట్టి నడిచారు. నాకైతే అది మంచి లాయర్ల పని. ఆ తర్వాత అక్టోబర్ 6న మండలిలో దీని మీద కనీసం చర్చ పెడదామన్న తీర్మానం కూడా 17-19తో ఓడిపోయింది, 11 దేశాలు తటస్థంగా ఉన్నాయి, వాటిలో మన దేశం ఒకటి. ఆఫీసు వేరు, మండలి వేరు అని పైన ఎందుకు చెప్పానో ఇక్కడ తెలుస్తుంది.

ఇక అచ్చులోకి రాని పని. సాక్షి అన్నవాడు చెప్పింది రాసుకోవడం తేలిక, అతను చెప్పాడన్న సంగతి బయటికి పొక్కకుండా చూడడమే కష్టం. మొదటి సూత్రం, మన వల్ల వాళ్లకి హాని జరగకూడదు. ఒప్పుకున్నావా అని ఒకసారి అడిగి సంతకం పెట్టించుకుంటే సరిపోదు, నీ మాటని రిపోర్టులో వాడొచ్చా, పేరు లేకుండా వాడొచ్చా, రేపు ఏదైనా కోర్టు అడిగితే ఇవ్వొచ్చా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడగాలి. రెండోదానికి ఊ అని మూడోదానికి వద్దంటే ఆ వాంగ్మూలం ఎంత బలమైనదైనా కోర్టుకి వెళ్లదు. పేరు తీసేసినా సరిపోని సందర్భాలుంటాయి, ఒక చిన్న ఊళ్లో ఆ రోజు ఆ వీధిలో ఉన్న ఒకే ఒక్క నర్సు అని రాస్తే పేరు రాసినట్టే కదా. అప్పుడు ఆ వివరం తీసేయాలి, తీసేస్తే ఆ పేరా బలం తగ్గుతుంది, తగ్గనీ అని చెప్పాల్సింది అడ్వైజరే. రిపోర్ట్ పదునుగా ఉండాలని తపించే కుర్ర ఆఫీసర్లతో ఈ విషయంలో వాదన రాకుండా ఉండదు.

చావుల దర్యాప్తుకి మిన్నెసోటా ప్రోటోకాల్ అని ఒకటుంది, 1991లో వచ్చింది, 2016లో తిరగరాశారు. అనుమానాస్పద మరణం, ముఖ్యంగా పోలీసుల చేతిలోనో సైన్యం చేతిలోనో జరిగినప్పుడు, సంఘటనా స్థలాన్ని ఎలా కాపాడాలి, పోస్టుమార్టం ఎలా చేయాలి, చంపారని ఆరోపణ ఉన్నవాళ్లే దర్యాప్తు చేయకుండా ఎలా చూడాలి అన్నీ అందులో ఉంటాయి. చిత్రహింసల విషయంలో ఇలాంటిదే ఇస్తాంబుల్ ప్రోటోకాల్. ఇవి చదువుతుంటే మన ప్రాంతం గుర్తు రాకుండా ఉండదు. ఎన్‌కౌంటర్ మరణాల మీద ఏపీ పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబర్‌లో నిర్ణయం ఇచ్చింది, 1997 మార్చిలో చైర్మన్ జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకి ఉత్తరం రాశారు. 2009 ఫిబ్రవరిలో ఏపీ హైకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ పోలీసుల మీద కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాలి అంది, దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, తర్వాత 2014లో సుప్రీంకోర్టే దేశమంతటికీ మార్గదర్శకాలు పెట్టింది. కన్నబిరాన్ గారు, బాలగోపాల్ గారు, వాళ్లతో నడిచినవాళ్లు ఊళ్లకి పోయి, చనిపోయినవాడి తల్లితో మాట్లాడి, పంచనామాలో రాసినదానికి ఒంటి మీద గాయానికి పొత్తు కుదురుతోందా అని చూసి నిజనిర్ధారణ రిపోర్టులు రాశారు. జెనీవాలో చేసే పనికీ దీనికీ పద్ధతిలో పెద్ద తేడా లేదు, ఈ మాట నేను అభిమానంతో అనడం లేదు, రెండు రకాల రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది.

లీగల్ అడ్వైజర్ పని అంతా ప్రభుత్వాల తప్పులు ఎంచడమే అనుకోవద్దు, సొంత ఇంటివాళ్లకి అడ్డం పడడం కూడా అందులో భాగమే. 2009లో తూర్పు కాంగోలో ఐరాస శాంతి దళం కాంగో సైన్యానికి రేషన్, ఇంధనం, రవాణా ఇచ్చి సాయం చేస్తోంది. ఆ సైన్యంలో కొన్ని యూనిట్లు పౌరులని చంపుతున్నాయి, రేప్‌లు చేస్తున్నాయి. న్యూయార్క్‌లోని ఐరాస న్యాయ వ్యవహారాల కార్యాలయం అప్పుడు ఒక లిఖితపూర్వక అభిప్రాయం ఇచ్చింది, ఈ యూనిట్లు ఇలాంటి పనులు చేస్తున్నాయని నమ్మడానికి కారణాలున్నప్పుడు వాటికి సాయం కొనసాగించడం చట్టరీత్యా కుదరదు అని. నవంబర్‌లో, లుక్వెటి ప్రాంతంలో కనీసం 62 మంది పౌరులని చంపిన యూనిట్లకి సాయం ఆపేశారు. ఆ అనుభవంలోంచే 2011లో ఒక పాలసీ వచ్చింది, ఐరాసలో ఏ విభాగమైనా బయటి భద్రతా దళాలకి సాయం చేసే ముందు వాళ్ల రికార్డు చూడాలి, రిస్క్ ఉంటే సరిదిద్దమనాలి, వినకపోతే ఆపేయాలి. కొన్ని పేజీల మెమోతో మొదలైన సంగతి ఇది. మనకి పేపర్లో కనపడే పెద్ద ప్రకటనల కన్నా ఇలాంటి మెమోలే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయని నా నమ్మకం.

ఇమ్యూనిటీ, అంటే ఐరాసని, దాని పని చేసేవాళ్లని కోర్టుకి లాగకుండా ఉండే చట్టపరమైన రక్షణ, కూడా తరచూ టేబుల్ మీదికొచ్చే విషయం. మలేసియాకి చెందిన పరమ్ కుమారస్వామి జడ్జిల స్వతంత్రతపై స్పెషల్ రాపోర్టర్‌గా ఉన్నప్పుడు 1995లో ఒక పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలో మలేసియా కోర్టుల గురించి మాట్లాడారు, కొన్ని కంపెనీలు అక్కడి కోర్టుల్లో ఆయన మీద పరువు నష్టం దావాలు వేశాయి. ఆయన ఆ మాటలు సొంతంగా అన్నారా, డ్యూటీలో భాగంగా అన్నారా అన్నదే ప్రశ్న. వ్యవహారం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది, 1999 ఏప్రిల్ 29న అవి డ్యూటీలో భాగంగా అన్న మాటలే, ఆయనకి రక్షణ ఉంది అని తేల్చింది. ఇదే రక్షణకి ఇంకో ముఖం హైతీ. 2010లో శాంతి సైనికుల క్యాంపు నుంచి కలరా నదిలో కలిసి దాదాపు 10,000 మంది చనిపోయారు, బాధితులు అమెరికా కోర్టుకెళ్తే ఐరాస మాకు ఇమ్యూనిటీ ఉంది అంది, 2016లో అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఐరాస సొంత స్పెషల్ రాపోర్టర్ ఫిలిప్ ఆల్‌స్టన్ ఈ వైఖరి నైతికంగా గానీ చట్టపరంగా గానీ నిలబడదని జనరల్ అసెంబ్లీకే రిపోర్ట్ ఇచ్చారు, ఆ డిసెంబర్‌లో బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. ఇతర దేశాలకి జవాబుదారీతనం బోధించే సంస్థ తన వంతు వచ్చేసరికి తలుపేసుకుంటే ఎంత నష్టమో ఇది చూస్తే తెలుస్తుంది, దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

పోలీసులు లేరు, జైలు లేదు, మరి ఈ కాగితాలు ఎవరికి పనికొస్తాయి అని అడుగుతారు. మన దేశంలో జరిగిందే చెప్తాను. పౌర రాజకీయ హక్కుల ఒడంబడికలో 1979లో చేరినప్పుడు మన ప్రభుత్వం ఒక మెలిక పెట్టింది, అక్రమ అరెస్టుకి నష్టపరిహారం అడిగే హక్కు మా చట్టంలో లేదు అని. 1987 డిసెంబర్‌లో ఒరిస్సాలో 22 ఏళ్ల సుమన్ బెహరాని పోలీసులు తీసుకెళ్లారు, మర్నాడు శవం రైలు పట్టాల మీద దొరికింది. తల్లి నీలబతి బెహరా సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాసింది, దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. 1993లో తీర్పిస్తూ జస్టిస్ జె.ఎస్. వర్మ బెంచ్ అదే ఒడంబడికలోని ఆర్టికల్ 9(5)ని ప్రస్తావించింది, పరిహారం అన్న ఆలోచన హక్కుల రక్షణకి కొత్తదేం కాదని చెప్పి ఆవిడకి 1,50,000 రూపాయలు ఇప్పించింది. 1996 డిసెంబర్‌లో డి.కె. బసు తీర్పులో, ప్రభుత్వం పెట్టిన ఆ మెలికకి ఇక అర్థం లేదని కోర్టు స్పష్టంగా అనేసింది. అరెస్టు చేస్తే మెమో రాయాలి, బంధువులకి చెప్పాలి అని పోలీస్ స్టేషన్లలో బోర్డుల మీద కనపడే రూల్స్ ఆ తీర్పులోవే. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టి ఇంతవరకూ ఆమోదించలేదు, మన కోర్టుల్లో లాయర్లు మాత్రం దాన్ని ఎత్తి చూపుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. సీనియర్ లీగల్ అడ్వైజర్ పోస్టులు ఎక్కువగా పి-5 అనే సీనియర్ స్థాయిలో ఉంటాయి, మాస్టర్స్ డిగ్రీ, కనీసం పదేళ్ల అనుభవం అడుగుతారు, ఎల్ఎల్‌బీ మాత్రమే ఉంటే ఇంకో రెండేళ్ల అనుభవంతో సరిపెట్టే వీలుంటుంది. కింది మెట్టు నుంచి ఎక్కాలంటే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్ష ఒక దారి, 32 ఏళ్లు దాటకూడదు, ఆ ఏడాది లిస్టులో మన దేశం ఉంటేనే రాయగలం. ఐరాస వాలంటీర్‌గా ఫీల్డ్ ఆఫీసుకి వెళ్లడం ఇంకో దారి, అక్కడ ఇంటర్వ్యూలు చేసి, రిపోర్టులు రాసి వచ్చినవాళ్ల చేతిలో పనితనం ఉంటుంది. ఇంగ్లిష్ ఒక్కటే వస్తే సగం పోస్టులు చూసి వదిలేయాలి, ఫ్రెంచ్ నేర్చుకోండి, కాంగో, హైతీ, పశ్చిమ ఆఫ్రికా ఫైళ్లు చాలావరకు దాంట్లోనే ఉంటాయి. ఇంకోటి గట్టిగా చెప్పాలి, ఐరాస ఏ దశలోనూ అప్లికేషన్‌కి, ఇంటర్వ్యూకి, ట్రైనింగ్‌కి ఒక్క రూపాయి కూడా తీసుకోదు, కన్సల్టెన్సీ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే, మన ఊళ్లలో పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

ఉద్యోగ భద్రత బాగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఐరాస రెగ్యులర్ బడ్జెట్‌లో మానవ హక్కులకి దక్కేది 5 శాతం అటూఇటూ, ఆ ఆఫీసు ఖర్చులో మిగతాది దేశాలు ఇష్టపడి ఇచ్చే విరాళాలు, కాబట్టి కాంట్రాక్టులు ప్రాజెక్టు ఉన్నంతవరకే, 2025లో నిధుల కొరతతో చాలా పోస్టులకి ఎసరొచ్చింది. దీనికి తోడు రోజంతా హింస గురించిన వాంగ్మూలాలు చదవడం మనిషిని లోపల నుంచి తినేస్తుంది, నిద్ర పట్టదు, ఇంట్లో వాళ్లతో చెప్పుకోలేరు, ఎందుకంటే అవి రహస్య పత్రాలు. ఈ మధ్య దాని గురించి బయటికి మాట్లాడుతున్నారు, అది మంచిదే.

ఈ ఉద్యోగాలకి పెట్టే రాత పరీక్షలో సాధారణంగా ఒక కేసు వివరాలిచ్చి తక్కువ టైంలో నోట్ రాయమంటారు, అక్కడ చాలామంది తమకి తెలిసిన ఆర్టికల్స్ అన్నీ కుమ్మరిస్తారు. ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చేయాలనుకునేవాళ్లు ఒక నిజనిర్ధారణ రిపోర్ట్ తీసుకోండి, తెలుగులో ఉన్నదైనా పర్లేదు, ప్రతి వాక్యం పక్కన ఇది చూసింది ఎవరు, విన్నది ఎవరు, రెండో ఆధారం ఉందా అని పెన్సిల్‌తో రాసుకుంటూ పొండి, ఆధారం లేని వాక్యాలని ఏ మెట్టుకి దించాలో మీరే తిరగరాసి చూడండి. హైకోర్టులో బెయిల్ పిటిషన్లు వేసుకుంటున్న జూనియర్లకి కూడా ఇది పనికొస్తుంది, చార్జిషీట్ ముందు పెట్టుకుని ఇదే పని చేస్తే చాలా చోట్ల రెండో ఆధారం లేదన్న సంగతి మొదటి గంటలోనే బయటపడుతుంది.